కష్టపడింది మేమొక్కళ్ళమేనా?

వార్షికోత్సవం వచ్చిందంటే పూర్వ విద్యార్థులను పిలిచి వేదిక ఎక్కించడం మన హాస్టల్లో ఆనవాయితీ. శాలువా కప్పుతారు, మైకు చేతికిస్తారు, "తమ్ముళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పండి" అంటారు. ఆ నాలుగు మాటలేమిటో కింద కూర్చున్న మూడో తరగతి పిల్లవాడికి కూడా ముందే తెలుసు. "నేనూ మీలాగే ఈ వరండాలో ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివాను. నీళ్ళచారు తాగాను. కష్టపడ్డాను. ఇవాళ ఈ స్థాయికి వచ్చాను. మీరూ కష్టపడితే వస్తారు." చప్పట్లు. ఆ వెంటనే డాన్సు ప్రోగ్రాం.

మేము 2007 జూన్‌లో ఆరో తరగతిలో చేరి, 2012 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళిన బ్యాచ్ వాళ్ళం. ఇప్పుడు ఆ మైకు మా చేతికి వచ్చే వయసు వచ్చింది. సంచికకు ఏదైనా రాయమని కబురు రాగానే ఏడుగురం గుంటూరులో ఒకచోట కూర్చున్నాం. మాలో ఒకరు గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు, ఒకరు కొత్తగా టీచరు, ఇద్దరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒకరు కోర్టులో జూనియర్ లాయరు, ఒకరు కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా, ఒకరు ఇంకా గ్రూప్-2కు చదువుతున్నారు. రాత్రి పదింటిదాకా మాట్లాడుకున్నాం. చివరికి తేలిందేమంటే, ఆ నాలుగు మాటలు చెప్పడానికి మాకు నోరు రావడం లేదు. అందులో అబద్ధం ఏమీ లేదు, మేము కష్టపడిన మాట వాస్తవమే. కానీ అది సగం మాట. మిగిలిన సగం దాచిపెట్టి ఈ సగమే చెబితే నష్టపోయేవాడు ఒకడున్నాడు. అతని గురించి ముందు చెప్పాలి.

మా బ్యాచ్‌లో లెక్కల్లో అందరికంటే ముందున్నవాడు ఇవాళ మిర్చి టిక్కీలు మోస్తున్నాడు. పేరు రాయడం లేదు, రాస్తే అతనికి బాగుండదు. మాస్టారు బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోపు జవాబు చెప్పేవాడు. మేము అతని నోటుపుస్తకం చూసి రాసుకుని పాసైనవాళ్ళం. ఈ మాట అతిశయోక్తి అనుకునేవాళ్ళు మా బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి. తొమ్మిదో తరగతిలో, 2011 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఆ తరువాత అతని ట్రంకు పెట్టె రెండు నెలలు మంచాల కింద అలాగే ఉంది. మార్చిలో వాళ్ళ చిన్నాన్న వచ్చి సైకిల్ క్యారియర్ మీద కట్టుకుని తీసుకుపోయాడు.

సంక్రాంతికే ఎందుకు? ఇది మన జిల్లాలో పుట్టినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు గానీ, స్కూలు క్యాలెండర్లు తయారుచేసేవాళ్ళకు మాత్రం చెప్పాలి. మన మైదానంలో మిరప నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో పొలంలోకి వెళుతుంది. కాయ ఎర్రబడి కోతలు జనవరిలో ఊపందుకుంటాయి, మార్చి దాటి ఏప్రిల్ దాకా సాగుతాయి. పత్తి తీత అంతకుముందే, నవంబరు నుంచే మొదలు. అంటే పల్లెలో ప్రతి ఇంటికీ నాలుగు డబ్బులు కళ్ళబడే రోజులు నవంబరు నుంచి మార్చి వరకే. ఏడాది పొడుగునా చేసిన అప్పు తీరేదీ, కొత్త అప్పు పుట్టేదీ అప్పుడే. స్కూలు వాళ్ళు ప్రీ-ఫైనల్స్ ఫిబ్రవరిలో పెడతారు, పబ్లిక్ పరీక్షలు మార్చిలో పెడతారు. ఈ రెండు క్యాలెండర్లూ ఢీకొనే చోట నిలబడి ఉండేది మన హాస్టల్ పిల్లలు.

మిరప కోతలో పిల్లల చేతులకు విలువ ఉంది. ఎన్ని చేతులుంటే అన్ని గోతాలు. ఇంట్లో నాలుగో మనిషి కోతకు వస్తే ఆ రోజు కూలి ఆ మేరకు పెరుగుతుంది. ఆడపిల్లలకు కోత అయిపోయినా పని ఉంటుంది: కల్లాల్లో తాలుకాయ ఏరడం, తరువాత తొడిమలు తీయడం. ఘాటుకు దగ్గు, చేతుల మంట, కళ్ళ నీళ్ళు సరేసరి. అప్పటికే అడ్వాన్సు తీసుకున్న ఇల్లైతే పిల్లవాణ్ణి పంపాలా వద్దా అని ఆలోచించే అవకాశం కూడా తండ్రికి ఉండదు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతలకు మన జిల్లాకు వలస వస్తుంటాయి. వాళ్ళ పిల్లలు సొంత ఊళ్ళోనే ఉండి చదువుకోవాలని అక్కడ సీజనల్ హాస్టళ్ళు పెట్టాల్సి వచ్చిందంటే, బడికీ కోతకీ ఉన్న పోటీ ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు.

ఒక చిన్న మాట. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు ఆ బాధ పేపర్లకెక్కింది, ఎక్కాల్సిందే. కానీ పంట పోయిన పొలంలో కూలి కూడా పోతుంది. ఆ కూలి పోయిన ఇంట్లో బడి మానేసిన పిల్ల పేరు ఏ పేపర్లోనూ రాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అతను ఆగిపోయి మేము ఎందుకు ఆగలేదు? మా ఏడుగురి ఇళ్ళూ అలాంటివే. మా అమ్మలూ కోతలకు వెళ్ళినవాళ్ళే.

మాకు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న వార్డెన్ గారికి ఒక పాత స్కూటరు ఉండేది. సంక్రాంతి సెలవులు అయిపోయిన మరుసటి వారం ఆయన రిజిస్టరు ముందేసుకుని, రాని పిల్లల ఊళ్ళు ఒక కాగితం మీద రాసుకుని, ఆ స్కూటరు మీద బయల్దేరేవారు. నేరుగా పొలానికే వెళ్ళేవారు, ఎందుకంటే ఇంట్లో ఎవరూ ఉండరు. "ఏం పెద్దయ్యా, మీవాణ్ణి మార్చి దాకా నాకు అప్పజెప్పు. పరీక్షలైన మర్నాడు నేనే బస్సెక్కిస్తా, ఏప్రిల్ కోతలకు నీ ఇష్టం" అనేవారు. బతిమాలేవారు, కోప్పడేవారు, ఒక్కోసారి గట్టు మీద కూర్చుని వాళ్ళు పెట్టిన అన్నం తినేవారు. ఆయన మా కులం వాడు కాదు. మా పల్లెలో గట్టు మీద కూర్చుని మా గిన్నెలో అన్నం తిన్న మొదటి ఆఫీసరు ఆయనే అని మా నాన్నల్లో ఒకరు ఇప్పటికీ చెబుతారు. ఆ అన్నం తిన్నాక "పంపను" అనడం మా వాళ్ళ వల్ల కాలేదు.

2010 చివర్లో ఆయనకు బదిలీ అయింది. రెండు హాస్టళ్ళకు కలిపి ఒక ఇన్‌ఛార్జి వచ్చారు. వారానికొకసారి వచ్చి సంతకాలు చేసి వెళ్ళేవారు. ఆ సంక్రాంతి తరువాత స్కూటరు ఏ ఊరికీ వెళ్ళలేదు. మా లెక్కలవాడు రాకుండా పోయింది ఆ ఏడాదే. మాలో ఇద్దరం కూడా ఆ నెల మిరప తోటలోనే ఉన్నాం. అయితే మా ఊరు స్కూలుకు రెండు మైళ్ళు, కాబట్టి మా స్నేహితులు సైకిల్ మీద వచ్చి పిలిచారు. అతని ఊరు రెండు బస్సులు మారితే గానీ రాదు. ఇంకొకరికి అన్న ఉన్నాడు, అన్న కోతకు వెళ్ళి తమ్ముణ్ణి వదిలారు. ఆ అన్న చదువు ఏమైందని వేదిక మీద ఎవరూ అడగరు. మరొకరికి నాయనమ్మ అడ్డం పడింది. ఇందులో మా కష్టం ఎంత? బదిలీ ఉత్తర్వు, రెండు మైళ్ళ దూరం, ఒక అన్న, ఒక నాయనమ్మ. అతనికీ మాకూ మధ్య తేడా ఇంతే.

హాస్టల్‌కు మమ్మల్ని పంపిన మా నాన్నల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. వాళ్ళకు చదువు మీద అంత పట్టుదల ఎక్కడిది? చిన్నప్పుడు మేము విన్న కథల్లో రాజుల కథలు తక్కువ. 1985 జూలై 17న కారంచేడు. తాగే నీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది, పల్లెకు పల్లె చీరాలకు నడిచి వెళ్ళి తలదాచుకుంది. 1991 ఆగస్టు 6న చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి ముదిరి ఎనిమిది మంది హత్యకు దారితీసింది. అప్పటికి మా నాన్నలు మా ఇప్పటి వయసు కంటే చిన్నవాళ్ళు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసిన రోజు, మేము హాస్టల్లో చేరిన కొత్త. సాయంత్రం వంటమనిషి పేపరు పట్టుకుని చదివించుకున్నది గుర్తుంది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసినప్పుడు మేము ఇంటర్, డిప్లొమాల వయసులో ఉన్నాం. మా నాన్నలు ఈ కథల నుంచి రెండు పాఠాలు తీశారు. ఒకటి, పిల్లలు చదువుకోవాలి. రెండు, పెరిగే వయసులో ఊరికి కాస్త దూరంగా ఉండాలి. హాస్టల్ ఆ రెంటికీ పనికొచ్చింది. అన్నం కోసమే పంపారని అనేవాళ్ళకు ఈ రెండో సంగతి తెలియదు.

ఇక వేదిక మీద చెప్పే ఉదాహరణల సంగతి. జాషువా గారు వినుకొండ నుంచి వచ్చారు, ఇనాక్ గారు వేజండ్ల నుంచి వెళ్ళి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది, మీకేం రోగం? అని. ఉదాహరణలు గొప్పవే. వాటిని వాడుతున్న తీరు మీదే మా అభ్యంతరం.

జాషువా గారినే తీసుకుందాం. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. అంటరానివాడని ఒక పక్క, క్రైస్తవుడై ఉండి పురాణాల మీద పద్యాలు రాస్తాడా అని మరో పక్క, రెండు వైపులా ఈసడింపులే. తనకు ఇద్దరు గురువులని ఆయన చెప్పుకున్నారు: పేదరికం ఒకటి, కులమత భేదం రెండోది. ఈ మాట మనకు పాఠంలో కూడా చెప్పారు. ఉపన్యాసకులకు ఈ మాట ఎంతో ఇష్టం, ఎందుకంటే పేదరికమే గురువైతే ఇక వేరే గురువును వేయాల్సిన పని లేదు, డైట్ ఛార్జీలు పెంచాల్సిన పని అంతకన్నా లేదు!

మాకు మాత్రం వేరే సందేహం. ఆ ఇద్దరు గురువుల దగ్గర వినుకొండలో ఎంతమంది శిష్యులు ఉండి ఉంటారు? పల్లె మొత్తం ఆ బడిలోనే చదివింది కదా! మరి ఒక్క జాషువా గారే ఎందుకు వచ్చారు? ఆయన జీవితంలో మూడో గురువు కూడా ఉన్నారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు. ఆ రోజుల్లో ఒక పల్లె కుర్రవాడిని కూర్చోబెట్టుకుని మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం పాఠం చెప్పిన మనిషి. ఆ మేఘసందేశం పాఠమే లేకపోతే, యక్షుడు మేఘాన్ని పంపినట్టు ఒక అరుంధతీసుతుడు గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపే కావ్యం 1941లో మనకు వచ్చేదా? పేదరికం ఆయనకు చెప్పవలసిన విషయం ఇచ్చింది. చెప్పే పద్ధతి మాత్రం ఒక మనిషి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఇందులో ఆయన గొప్పతనానికి వచ్చే లోటేమీ లేదు.

ఆయన దారి కూడా ఉపన్యాసాల్లో చెప్పినంత నిటారుగా ఏమీ లేదు. నెలకు మూడు రూపాయల బడిపంతులు ఉద్యోగం. అది పోతే రాజమండ్రి వెళ్ళి, 1915-16లో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చదివే పని. మళ్ళీ గుంటూరు వచ్చి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో, తరువాత తెలుగు పండితుడిగా ఉద్యోగం. ఆ పైన మద్రాసు రేడియో. కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చేసరికి దాదాపు డెబ్భై ఏళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, అంటే మా ఇప్పటి వయసులో ఆయన్ని చూసినవాడెవడైనా "ఇతను పైకి వచ్చాడు" అని శాలువా కప్పి ఉండేవాడా? మాలో గ్రూప్-2కు చదువుతున్న మిత్రుడికి ఈ లెక్క చెప్పినప్పుడు ఆ సాయంత్రం మొదటిసారి నవ్వాడు.

అంబేడ్కర్ గారి జీవితంలోనూ ఇదే కనబడుతుంది. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన సన్మానంలో కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి చరిత్రను ఆయన చేతిలో పెట్టారు. బరోడా మహారాజుకు ఆయన గురించి చెప్పిందీ ఆయనే. బరోడా స్కాలర్‌షిప్ మీదే 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చిన్నప్పుడు చేతిలో పడ్డ ఆ పుస్తకం నుంచి 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న రోజు దాకా సరిగ్గా ఎలా నడిచారో మనకు తెలియకపోవచ్చు గానీ, మొదటి అడుగు దగ్గర ఒక మాస్టారు ఉన్నారన్నది మాత్రం నిజం. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. అంత చదువు చదివి వచ్చిన మనిషి 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. 1925 మొదట్లోనే ఆ సభ తరఫున షోలాపూర్‌లో పిల్లలకు హాస్టల్ తెరిచారు. "నేను కష్టపడ్డాను, మీరూ పడండి" అని ఊరుకోలేదు. పిల్లలకు పడుకునే చోటు, చదువుకునే దీపం చూశారు. అంతకు ముందు కొల్హాపూర్‌లో శాహూ మహారాజు 1901 నుంచే ఒక్కో కులం పిల్లలకు వసతి గృహాలు కట్టించుకుంటూ వచ్చారు. మన గోడ మీద అంబేడ్కర్ ఫొటో ఉంటుంది, దండ కూడా మారుస్తాం. ఆయన హాస్టల్ నడిపిన మనిషి అని మాత్రం మాకు డిగ్రీలోకి వచ్చాక గానీ తెలియలేదు.

మన రాష్ట్రానికి వస్తే ఎస్.ఆర్. శంకరన్ గారు. తంజావూరు వైపు నుంచి ఐ.ఎ.ఎస్. అయి మన రాష్ట్రానికి వచ్చి, సాంఘిక సంక్షేమ శాఖ చూసిన అధికారి. పెళ్ళి చేసుకోలేదు, జీతంలో పేద పిల్లల చదువులకు ఇస్తూ పోయారు, 2005లో ప్రకటించిన పద్మభూషణ్ వద్దన్నారు, 2010 అక్టోబరులో కన్నుమూశారు. హాస్టళ్ళకూ సాంఘిక సంక్షేమ గురుకులాలకూ ఒక రూపం రావడం వెనుక ఆయన చెయ్యి ఉంది. ఆ గురుకులంలో చదివిన అమ్మాయే పూర్ణ. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. పక్కన ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్. వాళ్ళకు భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చారు, డార్జిలింగ్ పంపారు, ఖర్చు భరించారు. ఆ అమ్మాయి గుండె ధైర్యం ఆ అమ్మాయిదే, అది ఎవరూ ఇచ్చింది కాదు. కానీ ఆ గుట్ట దాకా తీసుకువెళ్ళడానికి ఒక సంస్థ కావాల్సి వచ్చింది. ఆ సంస్థ మాట వదిలేసి పూర్ణను చూపించి మన పిల్లల్ని తిట్టడం న్యాయమేనా?

మా దారుల గురించి కూడా ఇదే లెక్కలో చూసుకున్నాం. మాలో ఒకరికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. ఆ కాలేజీ పెట్టిందే 2008లో. ఐదేళ్ళు ముందు పుట్టి ఉంటే ఆ దారి అసలు లేదు. ఇంకొకరు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద. వెల్ఫేర్ అసిస్టెంటుకు 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా ఉద్యోగాలు ఒక్కసారి తీసినప్పుడు వచ్చింది. అప్పటికి సరిగ్గా డిగ్రీ చేతికొచ్చి ఉంది. టీచరు మిత్రుడి కథ దీనికి తిరగబడ్డది. 2018 డీఎస్సీ నాటికి బీఎడ్ పూర్తి కాలేదు. పూర్తయ్యాక మళ్ళీ డీఎస్సీ 16,347 పోస్టులతో 2025లో వచ్చింది. ఆ మధ్య ఏడేళ్ళలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు, వేసవిలో కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాయడం, ఇంట్లో "ఇంకెంతకాలం రా" అన్న మాటలు. 2024లోనూ ఇదే మనిషి, ఇదే తెలివి, ఇదే కష్టం. అప్పుడు ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 చివర్లో ఒకటి, 2023 చివర్లో మరొకటి. మధ్యలో పోయిన ఐదేళ్ళను ఏ పిల్లవాడి బద్ధకం ఖాతాలో రాయాలి? మా తెలివితేటల కంటే మేము పుట్టిన సంవత్సరం ఎక్కువ పని చేసిందని మాలో ఒకరన్నారు. ఎవరం కాదనలేకపోయాం.

మా లాయరు మిత్రుడు మాత్రం ఒప్పుకోలేదు. అతని వాదన కూడా రాయడం ధర్మం. "ఇవన్నీ నిజమే. కానీ పదో తరగతి పిల్లవాడి ముందు ఇలా మాట్లాడితే వాడు పుస్తకం మూసేస్తాడు. వాడి చేతిలో ఉన్నది కష్టపడటం ఒక్కటే. అది కూడా చాలదని చెబితే ఇంకేం మిగులుతుంది?" అన్నాడు. చాలాసేపు వాదులాడుకున్నాం. మా సమాధానం ఇది. హాస్టల్ పిల్లవాడికి కష్టం విలువ చెప్పడం చేపకు ఈత నేర్పడం లాంటిది. ఎనిమిదేళ్ళకే తెల్లవారుజామున లేచి, బోరింగు దగ్గర తన బట్టలు తను ఉతుక్కుని, వరసలో నిలబడి కంచం కడుక్కున్న పిల్లవాడికి మనం కొత్తగా చెప్పేదేముంది? వాడు పుస్తకం మూసేది నిజం విన్నందుకు కాదు, సంక్రాంతికి ఇంటికి వెళ్ళి తిరిగి రాలేనందుకు.

ఆ రాలేనివాడికి మన ఉపన్యాసం ఎలా వినబడుతుందో ఆలోచించండి. కష్టపడినవాడు పైకి వస్తాడంటే, రానివాడు కష్టపడలేదనే కదా అర్థం! రెండేళ్ళ కిందట మా లెక్కలవాడిని వార్షికోత్సవానికి రమ్మని పిలిచాం. "నేనెందుకు లేరా, నాకు చదువు అబ్బలేదు" అన్నాడు. చదువు అబ్బలేదట! క్లాసు మొత్తానికీ చదువు చెప్పినవాడి నోట్లోంచి ఆ మాట వచ్చింది. యార్డు సీజనులో రోజుకు ఎన్ని టిక్కీలు మోస్తాడో, ఒక్కో టిక్కీ ఎన్ని కిలోలో, కూలి ఎంత రావాలో కాగితం లేకుండా చెబుతాడు, తోటి హమాలీలందరి లెక్కలూ అతనే చూస్తాడు. అయినా తనకు చదువు అబ్బలేదనే నమ్ముతున్నాడు. ఆ నమ్మకం అతనికి పేదరికం ఇచ్చింది కాదు. ఏటా వేదిక మీద నుంచి మనవాళ్ళు చెప్పే నాలుగు మాటలే ఇచ్చాయి. దీన్ని మేము సహించలేకపోతున్నాం.

కాబట్టి ఈ ఏడాది నుంచి మా బ్యాచ్ శాలువాలు తీసుకోవడం మానేసింది. నిర్వాహకులు నొచ్చుకోవద్దని మనవి. ఆ ఖర్చు వేరే చోట కావాలి. పెద్దగా చేస్తామని గొప్పలు చెప్పడం లేదు. ఏడుగురం, మా తరువాతి బ్యాచ్‌ల వాళ్ళు కొందరు కలిసి జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల పని ఒకటి పెట్టుకున్నాం. సంక్రాంతి సెలవుల తరువాత స్కూలు తెరిచిన మొదటి సోమవారం వార్డెన్ గారి అనుమతితో హాజరు రిజిస్టరు చూస్తాం. రాని పిల్లల ఊళ్ళు రాసుకుంటాం. ఆదివారాలు మాలో మోటారు సైకిళ్ళున్నవాళ్ళం పంచుకుని వెళతాం. హైదరాబాదులో ఉన్నవాళ్ళు పెట్రోలుకు పంపుతారు. ఇంట్లో అడ్వాన్సు ఇబ్బంది ఉంటే, ఆ పిల్లవాడి రెండు నెలల కూలి ఎంతో అడిగి చేతనైనంత సర్దుతాం. అందరికీ సర్దలేం, ఆ సంగతి ముందే చెబుతాం. పదో తరగతి తప్పినవాళ్ళకు సప్లిమెంటరీ ఫీజు, ఎప్పుడో మానేసినవాళ్ళకు ఓపెన్ స్కూల్ దరఖాస్తు మా టీచరు, మా వెల్ఫేర్ అసిస్టెంటు చూసుకుంటారు. ఆడపిల్లల హాస్టల్ పిల్లల ఇళ్ళకు వెళ్ళడానికి అక్కడ చదివిన అక్కలు ఇద్దరు ఒప్పుకున్నారు, ఇంకా కావాలి. పాత వార్డెన్ గారికి ఫోన్ చేసి ఇలా అనుకుంటున్నామని చెప్పాం. రిటైరై ఏళ్ళయింది, స్కూటరు అమ్మేశారట. "ఇంటికి వెళ్ళకండిరా, పొలానికి వెళ్ళండి. పొద్దున పదింటిలోపు వెళితే తండ్రి దొరుకుతాడు" అన్నారు.

మా లెక్కలవాడిని మళ్ళీ అడిగాం. వేదిక మీదికి కాదు, పదో తరగతి పిల్లలకు ఫిబ్రవరిలో రాత్రి స్టడీ అవర్‌లో లెక్కలు చెప్పడానికి. సీజనులో యార్డు పని ఎంతసేపటికి తెముల్తుందో చెప్పలేనన్నాడు. తెమిలిన రోజు వస్తానన్నాడు. బస్సు దొరకకపోతే దింపడానికి ఒక బండి పెట్టాం.